పద్నాలుగేళ్ల స్నేహం, తప్పిన అంచనాలు

ప్రశ్న: నాకు నలభై మూడేళ్లు. మనుషులను కాస్త దగ్గరగా చూస్తే చాలు, వాళ్లు దేనికి విలువ ఇస్తారో, దేనికి ఇవ్వరో చెప్పగలనని ఇన్నాళ్లూ నమ్మాను. కొత్తవారిని ఉద్యోగంలోకి తీసుకునే ముందు మా కార్యాలయంలో నా అభిప్రాయం అడిగేవారు కూడా. గత ఏడాది ఆ నమ్మకం రెండుసార్లు దెబ్బ తిన్నది. ఎనిమిదేళ్లుగా నా పక్కన పనిచేస్తున్న ఒకాయనకు పదవి, జీతం తప్ప మరొకటి పట్టదని నేను తీర్మానించుకున్నాను. అలాంటి మనిషి తనకు వచ్చిన పెద్ద పదోన్నతిని వదులుకొని, జబ్బుపడిన అక్కను చూసుకోవడానికి సగం జీతం మీద సగం పూట పనికి ఒప్పుకున్నారు. అదే ఏడాది, పద్నాలుగేళ్లుగా నాకు ప్రాణస్నేహితురాలైన ఆమె, ఎవరి కష్టం చూసినా కరిగిపోతుందని నేను పదిమందికీ చెప్పుకున్న ఆమె, తన కింద పనిచేసే ఒక అమ్మాయి మీద చేయని తప్పు మోపుతున్నప్పుడు, నిజం తెలిసి కూడా, సమావేశంలో నోరు విప్పలేదు. ఆ విషయం ఇంతవరకు నేను ఆమె దగ్గర ఎత్తలేకపోయాను. ఇప్పుడు నాలుగేళ్లుగా తెలిసిన ఒక పరిచయస్థుడు, ఇద్దరం కలిసి చిన్న శిక్షణ సంస్థ పెడదామని అడుగుతున్నాడు. నిజాయితీపరుడనీ, డబ్బుకంటే పనినే ఎక్కువగా చూసుకుంటాడనీ నా మనసు చెబుతోంది. కానీ నా మనసు చెప్పేదాన్ని ఇక నమ్మవచ్చునా? అసలు ఒక మనిషి విలువలను మరొక మనిషి ఎంతవరకు సరిగ్గా పోల్చుకోగలడు?

జవాబు: మీరు రెండు పొరపాట్లను ఒకే గాటన కట్టారు. వాటిని విడదీసి చూడడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే సహోద్యోగి విషయంలో మీ అంచనా తప్పిన దారి వేరు, స్నేహితురాలి విషయంలో తప్పిన దారి వేరు. పైగా రెండోది నిజంగా తప్పిందో లేదో ఇంకా తేలనే లేదు. మీ చివరి ప్రశ్నకు మాత్రం జవాబు ముందే చెబుతాను. పరిచయస్థుడి గురించి మీకున్న అభిప్రాయాన్ని కొట్టిపారేయనక్కరలేదు, కానీ ఒక్క దానినే నమ్ముకొని డబ్బు పెట్టవద్దు. అది దేనితో తయారైన అభిప్రాయమో విప్పి చూసుకుంటే, అందులో గట్టిగా నిలిచే భాగం ఏదో, మీరు సొంతంగా కల్పించి చేర్చుకున్న భాగం ఏదో మీకే తెలిసిపోతుంది.

స్వభావం, విలువ అనే రెండు మాటలను మనం తరచుగా కలిపేస్తాం. ఒక మనిషి గలగలా మాట్లాడతాడా, ముభావంగా ఉంటాడా, చేపట్టిన పనిని వేళకు ముగిస్తాడా, ఇట్టే కోపం తెచ్చుకుంటాడా అన్నవి స్వభావానికి చెందిన సంగతులు. అవి నడతలోనే కనిపిస్తాయి కాబట్టి కొద్దిపాటి పరిచయంలోనే కొంతవరకు పట్టుబడతాయి. ఆ మనిషి జీవితంలో ఏది ముఖ్యమని అనుకుంటున్నాడు, దేని కోసం దేనిని వదులుకుంటాడు అన్నది విలువలకు చెందిన సంగతి, అది నడతకు వెనక ఎక్కడో ఉంటుంది. ఒకాయన రోజూ రాత్రి పొద్దుపోయేదాకా కార్యాలయంలో కూర్చుంటున్నాడనుకోండి. పేరు కోసం కావచ్చు, ఇంటివారికి ఏ లోటూ రాకూడదన్న ఆరాటం కావచ్చు, పైవారి మాట జవదాటకూడదన్న కట్టుబాటు కావచ్చు, ఆ పనిలోనే ఆనందం దొరకడం కావచ్చు, ఒక్కోసారి ఇంటికి వెళ్లడం ఇష్టం లేక కూడా కావచ్చు. చూసేవారికి కనిపించేది వెలుగుతున్న దీపం ఒక్కటే. మీ సహోద్యోగి విషయంలో మీరు ఆ దీపాన్ని సరిగ్గానే చూశారు. ఎందుకు వెలుగుతోందో మాత్రం ఊహించుకున్నారు.

ఇజ్రాయెల్‌కు చెందిన సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త షాలోమ్ ష్వార్ట్జ్ 1992లో, 20 దేశాల నుంచి సేకరించిన సమాచారం ఆధారంగా, మనుషుల విలువలను పది రకాలుగా విభజించారు. ఆ విభజనను ఆ తరువాత 80కి పైగా దేశాలలో పరీక్షించి చూశారు. తన దారిని తానే నిర్ణయించుకోవడం, కొత్తదనం, సుఖం, విజయం, అధికారం, భద్రత, నలుగురి కట్టుబాటుకు లోబడడం, సంప్రదాయం, తనవారి మేలు, లోకంలో అందరి మేలు అన్నవి ఆ పది. ఈ పేర్లకంటే వాటి అమరిక మనకు ఎక్కువగా పనికివస్తుంది. ష్వార్ట్జ్ వాటిని ఒక వలయంగా అమర్చారు. పక్కపక్కన ఉన్నవి ఒకదానికొకటి తోడుగా నడుస్తాయి, ఎదురెదురుగా ఉన్నవి ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. అధికారానికీ విజయానికీ ఎదురుగా తనవారి మేలు, అందరి మేలు ఉంటాయి. కొత్తదనానికీ స్వతంత్ర నిర్ణయానికీ ఎదురుగా భద్రత, కట్టుబాటు, సంప్రదాయం ఉంటాయి. ఈ పదీ ఎంతో కొంత పాళ్లలో ప్రతి మనిషిలోనూ ఉంటాయి, మనిషికీ మనిషికీ తేడా వచ్చేది వాటి వరుసలో. అందువల్ల ‘ఆయనకు కుటుంబమంటే పట్టింపు ఉందా, లేదా’ అని అడిగితే జవాబు ఎప్పుడూ ‘ఉంది’ అనే వస్తుంది, దానివల్ల మనకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. పదవీ, అక్కగారూ రెండూ ఒకేరోజు ఎదురుగా నిలబడినప్పుడు ఆయన ఎటు అడుగు వేస్తారు అన్న ప్రశ్నకే అర్థం ఉంది. ఎనిమిదేళ్లలో అలాంటి రోజు మీ కళ్ల ముందు ఒక్కసారీ రాలేదు, పోయిన ఏడాది వచ్చింది. అది వచ్చేదాకా ఆయన వరుసలో ఏది పైన ఉందో తెలుసుకునే దారి మీకు దొరకలేదు.

ఇక ఎదుటివారి విలువలను మనం ఎంత సరిగ్గా అంచనా వేస్తామన్న మీ అసలు ప్రశ్నకు వస్తాను. పరిశోధకులు దీనిని సాధారణంగా ఎలా కొలుస్తారంటే, ఒక వ్యక్తి చేత తన విలువల గురించి ఒక ప్రశ్నావళిని నింపిస్తారు, ఆ వ్యక్తిని బాగా ఎరిగిన స్నేహితుడి చేతనో జీవిత భాగస్వామి చేతనో అదే ప్రశ్నావళిని ఆ వ్యక్తి గురించి నింపిస్తారు, ఆ రెండింటికీ ఎంత పొంతన ఉందో చూస్తారు. దగ్గరివారి విషయంలో ఆ పొంతన ఒక మోస్తరుగా ఉంటుంది. గుడ్డిగా చెప్పినదానికంటే ఎంతో మెరుగు, కానీ ‘అతని మనసు నాకు అద్దంలా కనిపిస్తుంది’ అనే మాటకు చాలా దూరం. ఇక్కడ కొలబద్ద గురించే ఒక చిక్కు ఉంది. మనిషి తన గురించి తాను చెప్పుకున్నదే నిజమని ఎందుకు అనుకోవాలి? సిమీన్ వజీర్ అనే పరిశోధకురాలు 2010లో చూపినదేమిటంటే, లోపలి ఆందోళన వంటివాటిని మనిషే తన గురించి బాగా చెప్పగలడు. తెలివితేటల వంటి, మంచి చెడుల రంగు పులుముకున్న లక్షణాల విషయంలో మాత్రం అతని స్నేహితులు అతనికంటే సరిగ్గా చెబుతారు. విలువలు ఈ రెంటికీ మధ్య ఎక్కడో పడతాయని నాకు అనిపిస్తుంది. లోపల ఉన్నవి కాబట్టి మనిషికే తెలియాలి, కానీ ఎవరూ తమను అధికార దాహం ఉన్నవారిగా ఒప్పుకోవడానికి ఇష్టపడరు.

లెక్కలో దాగిన మరొక మోసం కూడా ఉంది, మీ స్నేహితురాలి కథ మొదలయ్యేది అక్కడే. మనస్తత్వ శాస్త్రవేత్త లీ క్రోన్‌బాక్ 1955లోనే ఒక హెచ్చరిక చేశారు. ఒకరి గురించి మనం చెప్పిన అంచనా సరిపోయినంత మాత్రాన ఆ ఒక్క మనిషిని మనం అర్థం చేసుకున్నట్టు కాదు, మనుషులందరి గురించీ మనకు సాధారణంగా తెలిసినదే అక్కడ కూడా సరిపోయి ఉండవచ్చు అని. ష్వార్ట్జ్, అనత్ బార్డి 2001లో అనేక దేశాల సమాచారాన్ని పోల్చి చూసినప్పుడు, దాదాపు అన్నిచోట్లా జనం తమ వరుసలో తనవారి మేలును పైనా, అధికారాన్ని అట్టడుగునా పెడుతున్నారని తేలింది. అంటే ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి గురించి మీరు కళ్లు మూసుకొని ‘ఆమె తనవారి మేలు కోరే మనిషి’ అని రాసినా ఎక్కువసార్లు సరిపోతుంది. పద్నాలుగేళ్లలో మీరు మీ స్నేహితురాలి గురించి పదిమందికీ చెప్పిన మాట అబద్ధం కాకపోవచ్చు. అది ఆమెను మిగతావారి నుంచి వేరు చేసి చూపే మాట మాత్రం కాదు.

అదే ఇద్దరు పరిశోధకులు 2003లో మరొక పని చేశారు. ఏ విలువ ఎంతవరకు నడతలో బయటపడుతుందో చూశారు. కొత్తదనానికి విలువ ఇచ్చేవారు, సంప్రదాయానికి విలువ ఇచ్చేవారు తమ పనులలో బాగా బయటపడతారు. సుఖం, అధికారం, స్వతంత్ర నిర్ణయం, అందరి మేలు అన్నవి ఒక మోస్తరుగా బయటపడతాయి. భద్రత, కట్టుబాటు, విజయం, తనవారి మేలు అన్న నాలుగూ మాత్రం అంతంత మాత్రంగానే నడతతో ముడిపడి కనిపించాయి. ఆలోచిస్తే కారణం అంతు చిక్కనిదేమీ కాదు. పొరుగువాడి ఇంట్లో కష్టం వస్తే పలకరించడం, చేతనైనంత సాయం చేయడం, పై అధికారి ముందు వినయంగా ఉండడం వంటివి సమాజం అందరి దగ్గరా ఆశిస్తుంది; మనసులో ఆ విలువ పైన ఉన్నవారూ చేస్తారు, అడుగున ఉన్నవారూ మాట పడకూడదని చేస్తారు. అందరూ చేసే పనిని బట్టి ఎవరినీ వేరు చేసి గుర్తుపట్టలేం. ఏ శిక్షణా లేకుండా ఎత్తైన కొండలు ఎక్కడానికి వెళ్లే మనిషిని చూసి ‘ఇతనికి కొత్తదనం ఇష్టం’ అంటే పొరబడే అవకాశం తక్కువ, ఎందుకంటే ఆ పని చేయమని అతన్ని ఎవరూ బలవంతపెట్టలేదు. మీ స్నేహితురాలు ఏ ఖర్చూ లేని చోట, అందరూ మెచ్చుకునే చోట కరిగిపోవడం చూసి, ఖర్చు ఉన్నచోట కూడా అలాగే ఉంటుందని మీరు లెక్క కట్టారు. నిజం చెప్పాలంటే మనలో దాదాపు అందరం ఆ లెక్కే కడతాం.

సహోద్యోగి విషయంలో మీ చూపును పక్కకు లాగినది మరొకటి. ఎదుటివారు స్వార్థంతోనే నడుస్తారని మనం అవసరానికి మించి నమ్ముతాం. 2016లో బ్రిటన్‌లో వెయ్యి మందిని అడిగి చేసిన ఒక సర్వేలో, 74 శాతం మంది తమ వరుసలో స్వార్థపు విలువలకంటే దయ, సాయం, న్యాయం వంటివాటికే పెద్ద పీట వేశారు; అదే జనంలో 77 శాతం మంది తోటి పౌరులకు మాత్రం స్వార్థమే ముఖ్యమని అనుకుంటున్నారు. తాము మంచివారమని చెప్పుకోవడం వల్లే ఈ తేడా వచ్చిందని మీరు అనవచ్చు, నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఆ సర్వే చేసినవారు కూడా ఆ అనుమానాన్ని పరిశీలించి, దానితో ఈ తేడా మొత్తం తీరదని తేల్చారు. మాటలతో కాకుండా చేతలతో చేసిన పరీక్ష కూడా ఒకటి ఉంది. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, 40 దేశాలలోని 355 నగరాలలో, పోగొట్టుకున్నట్టు కనిపించే 17,303 పర్సులను బ్యాంకులు, హోటళ్లు, పోలీస్ స్టేషన్ల వంటి చోట్ల ఉద్యోగులకు అప్పగించి, ఎవరు యజమానికి కబురు పంపుతారో చూశారు. పర్సులో డబ్బు లేనప్పుడు సుమారు 40 శాతం మంది కబురు పంపితే, డబ్బు ఉన్నప్పుడు 51 శాతం మంది పంపారు. 40 దేశాలకు గాను 38లో డబ్బు ఉన్న పర్సుకే ఎక్కువ స్పందన వచ్చింది. ఏం జరుగుతుందో ముందుగా ఊహించమని అడిగితే, సామాన్య జనం డబ్బు పెరిగేకొద్దీ నిజాయితీ తగ్గుతుందని అన్నారు, ఆర్థికవేత్తల ఊహ కూడా సరిపోలేదు. మీ సహోద్యోగి గురించి మీరు వేసుకున్న అంచనా కూడా ఈ కోవలోనిదే. జీతం గురించి బాహాటంగా మాట్లాడే మనిషికి జీతమే లోకమని అనుకోవడం ఎంతో తేలిక, ఎందుకంటే కార్యాలయంలో మాట్లాడుకోవడానికి అందరికీ వీలైన విషయం అదే. జబ్బుపడిన అక్కగారి గురించి ఎవరూ ప్రతిరోజూ చెప్పుకోరు.

స్నేహితురాలి విషయానికి తిరిగి వస్తే, అక్కడ దీనికి సరిగ్గా తలకిందులుగా ఉన్న పొరపాటు కనిపిస్తుంది. దూరపువారిలో స్వార్థాన్ని ఎక్కువ చేసి చూసే మనమే, దగ్గరివారిలో మన ప్రతిబింబాన్ని చూసుకుంటాం. కిబియోమ్ లీ, మైకేల్ ఆష్టన్, వారి సహచరులు 2009లో చేసిన పరిశోధన ప్రకారం, బాగా దగ్గరైన మనుషుల జంటలు కొన్ని లక్షణాలలో నిజంగానే కొంత ఒకే తీరుగా ఉంటారు. కానీ వాళ్లు తమ మధ్య ఉందని అనుకునే పోలిక, నిజంగా ఉన్నదానికంటే ఎక్కువ. ఇందులో గమనించదగిన సంగతి ఏమిటంటే, ఈ అతిశయం అన్ని లక్షణాలలోనూ కనిపించలేదు. ఉత్సాహం, ఆందోళన వంటివాటిలో కాకుండా, విలువలతో గట్టిగా ముడిపడిన రెండింటిలో, అంటే నిజాయితీ-వినయం అనే లక్షణంలోనూ, కొత్త ఆలోచనలను ఆహ్వానించే గుణంలోనూ కనిపించింది. ‘ఆమె నాకంటే ముభావి’ అని స్నేహితురాలి గురించి ఎంత తేలికగానైనా ఒప్పుకుంటాం, ‘ఆమె న్యాయాన్ని నా అంతగా పట్టించుకోదు’ అని మాత్రం ఒప్పుకోలేం. ఒప్పుకుంటే ఆ స్నేహం ఎందుకు అన్న ప్రశ్న మన మెడకే చుట్టుకుంటుంది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మనకొక సామెత ఉంది. అది నిజమే కావచ్చు, కానీ వారు వీరైపోయారని మనకు అనిపించడానికి మాత్రం ఆరు నెలలు కూడా అక్కరలేదు. ఆ సమావేశంలో మీరు ఉండి ఉంటే లేచి మాట్లాడేవారని మీ ఉత్తరం చదివితే తెలుస్తుంది. ఆమె కూడా మాట్లాడుతుందని మీరు అనుకున్నది ఆమెను చూసి కాదేమో, మిమ్మల్ని మీరు చూసుకొనేమో, ఒకసారి ఆలోచించండి.

పద్నాలుగేళ్లు అన్న మాటను మీరు ఉత్తరంలో బరువుగా రాశారు. ఆ బరువు ఎంతో చూద్దాం. విలియమ్ స్వాన్, మైకేల్ గిల్ 1997లో జంటలనూ, ఒకే గదిలో ఉండేవారినీ పరిశీలించారు. పరిచయం కాలం పెరిగేకొద్దీ, మనసు అందులో లీనమయ్యేకొద్దీ, ఎదుటివారిని ఎరుగుదుమన్న ధీమా పెరుగుతూ పోయింది. అంచనాల ఖచ్చితత్వం దానితో పాటు పెరగలేదు. ఎదుటి మనిషి గురించి మన దగ్గర పోగుపడిన కబుర్లు, జ్ఞాపకాలు, చిన్నచిన్న వివరాలు ఎంత ఎక్కువైతే అంత బాగా తెలుసని మనకు అనిపిస్తుంది, ఆ వివరాలన్నీ మనం అడిగే ప్రశ్నకు పనికిరానివే అయినా సరే. మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ఫండర్ 1995లో చెప్పిన ఒక పద్ధతి ఇక్కడ వెలుగు చూపుతుంది. అంచనా సరిపోవాలంటే ఆ గుణాన్ని తెలిపే పని ఏదో ఆ మనిషి చేయాలి, అది చూసేవారి కంటబడేలా జరగాలి, చూసేవారు దానిని గమనించాలి, గమనించినదానికి సరైన అర్థం చెప్పుకోవాలి అని ఆయన అంటారు. ఈ నాలుగు మెట్లలో ఏ ఒక్కటి విరిగినా పైకి చేరలేం. మీ స్నేహం మీద దీనిని పెట్టి చూడండి. మీరిద్దరూ పద్నాలుగేళ్లుగా కలుసుకుంటున్నది తీరిక వేళల్లో, సమానులుగా, ఒకరి మీద ఒకరికి ఏ అధికారమూ లేని చోట. పైవారి ముందు, తన ఉద్యోగానికి ముప్పు ఉన్నచోట ఆమె ఎలా నిలబడుతుందో తెలిపే సందర్భం మొదటి మెట్టు దగ్గరే మీకు అందలేదు. ఒక్క మెతుకు పట్టి చూస్తే అన్నం ఉడికిందో లేదో తెలుస్తుందని అంటారు, నిజమే, కుండలోని మెతుకులన్నీ ఒకే మంట మీద ఉడుకుతాయి కాబట్టి. మనిషి రోజులు అన్నీ ఒకే మంట మీద ఉండవు.

ఇంతవరకు చెప్పినదాన్ని పట్టుకొని ‘అయితే ఆమె అసలు రంగు ఆ రోజు బయటపడింది’ అని మీరు అనుకుంటే, నేను మిమ్మల్ని ఒక గోతిలోంచి తీసి మరొక గోతిలో పడేసినవాడిని అవుతాను. అసలు రంగు అనే మాట మీదే నాకు అంతగా నమ్మకం లేదు. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అమెరికాలో మతబోధన చదువుకుంటున్న 40 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక భవనం నుంచి మరొక భవనానికి వెళ్లి ప్రసంగించమని వారిని పంపారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉన్నాడు. తొందరేమీ లేదని చెప్పి పంపినవారిలో 63 శాతం మంది ఆగి సాయం చేశారు, కాస్త తొందరగా వెళ్లాలన్నవారిలో 45 శాతం మంది ఆగారు, అప్పటికే ఆలస్యమైందని చెప్పినవారిలో 10 శాతం మందే ఆగారు. సగం మంది ప్రసంగించవలసిన విషయం, దారిలో పడి ఉన్న బాటసారికి సాయం చేసిన పరోపకారి కథే. అది కూడా చెప్పుకోదగిన తేడా తీసుకురాలేదు. ఆ ఆగనివారందరికీ దయ లేదని ఎవరైనా తీర్పు చెబితే నేను ఒప్పుకోను. విలువ ఉండడం వేరు, అది ఆ క్షణాన పనిచేయడం వేరు. మీ స్నేహితురాలు ఆ సమావేశంలో భయపడి ఉండవచ్చు, తరువాత విడిగా వెళ్లి పైవారితో మాట్లాడాలని అనుకొని ఉండవచ్చు, మాట్లాడి కూడా ఉండవచ్చు, లేదా నిజంగానే తన భద్రతను ఆ అమ్మాయికి జరిగే న్యాయానికంటే పైన పెట్టి ఉండవచ్చు. ఈ నాలుగింటిలో ఏది జరిగినా బయటికి కనిపించేది ఒకే మౌనం. ‘ఆ మనిషి మారిపోయాడు’ అంటూ నాకు వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇలాంటి ఒక్క సంఘటన మీద ఆధారపడినవే. ఒక్క సంఘటన ఎంత గట్టిగా తగిలితే అంత పెద్ద సాక్ష్యమని మనకు అనిపిస్తుంది, కానీ తగిలిన నొప్పికీ సాక్ష్యం బలానికీ సంబంధం లేదు.

అయితే ఏం చేయాలి? ఎదుటివారి స్థానంలో ఉండి ఆలోచించమని అందరూ చెబుతారు. తల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన 25 ప్రయోగాలలో ఆ సలహానే పరీక్షకు పెట్టారు. ఎదుటివారి స్థానంలో తనను ఊహించుకోవడం వల్ల వారి మనసును చదవడంలో ఖచ్చితత్వం పెరిగినట్టు ఎక్కడా తేలలేదు, కొన్నిసార్లు తగ్గింది కూడా. ఖచ్చితత్వాన్ని పెంచినది నేరుగా అడిగి తెలుసుకోవడం. వినడానికి చప్పగా ఉన్నా, మీకు ఇవ్వగలిగిన సలహాలలో ఇంతకంటే గట్టిది నా దగ్గర లేదు. మీరు మనుషులను చదవగలనని నమ్మిన ఇన్నేళ్లలో, అడగవలసిన అవసరం లేదనుకొని ఎంతమందిని అడగకుండా వదిలేశారో ఒకసారి గుర్తు చేసుకోండి.

కాబోయే భాగస్వామిని ‘నీకు నిజాయితీ ముఖ్యమా, డబ్బు ముఖ్యమా’ అని అడిగితే ఉపయోగం లేదు. ఆ ప్రశ్నకు ప్రపంచంలో ఒకే జవాబు ఉంది. రెండు మంచి విషయాలు ఢీకొనే చోటు గురించి, అదీ గతంలో నిజంగా జరిగినదాని గురించి అడగండి. ఇదివరకు ఎవరితోనైనా కలిసి పనిచేసి విడిపోయాడా, విడిపోయినప్పుడు లెక్కలు ఎలా తేల్చుకున్నారు, చేసిన పనికి డబ్బు రాని సందర్భం వస్తే ఏం చేశాడు, ఇచ్చిన మాటకోసం నష్టపోయిన రోజు ఏదైనా ఉందా, మాట తప్పవలసి వచ్చిన రోజు ఉంటే అప్పుడు ఎవరికి ముందుగా చెప్పాడు అన్నవి అడగదగిన ప్రశ్నలు. జవాబులో ఆయన తన గురించి వాడే విశేషణాలను పట్టించుకోకండి, ఏది వదులుకున్నాడో మాత్రం రాసి పెట్టుకోండి. తరువాత, ఆయన మీద ఆధారపడి పనిచేసినవారిని ఇద్దరు ముగ్గురిని కలవండి. పైవారూ సమానులూ చూసే మనిషి వేరు, కిందివారు చూసే మనిషి వేరు. మీరు నాలుగేళ్లుగా చూసింది సమానులు చూసే మనిషిని. వాళ్లందరూ ఒకే రకమైన సందర్భాన్ని వేర్వేరుగా చెబితే దానికి మీ సొంత అభిప్రాయంకంటే ఎక్కువ బరువు ఇవ్వండి.

మీ నాలుగేళ్ల పరిచయంలో గట్టిగా నిలిచే భాగం కూడా లేకపోలేదు. ఆయన కొత్త పనుల మీద చూపే ఉత్సాహం, అలవాటైన పద్ధతుల మీద ఉన్న పట్టు, సొంతంగా నిర్ణయాలు తీసుకునే తీరు మీకు కనిపించి ఉంటాయి. వాటి విషయంలో మీ చూపును చాలావరకు నమ్మవచ్చు, అవి నడతలో బయటపడే విలువలు కాబట్టి. ‘డబ్బుకంటే పనినే చూసుకుంటాడు’ అన్నది మాత్రం పక్కన పెట్టండి. మీరిద్దరూ ఇంతవరకు డబ్బు విషయంలో ఒక్కసారి కూడా ఎదురెదురుగా నిలబడలేదని నాకు అనిపిస్తోంది. అందుకే, సంస్థ పెట్టే ముందు ఒక చిన్న పనిని, పరిమితమైన డబ్బుతో, ముగింపు తేదీ ఉన్నదాన్ని కలిసి చేయండి. ఆ పని చేసేటప్పుడు ఆదాయాన్ని ఎలా పంచుకోవాలి, ఒక విద్యార్థి రుసుము కట్టలేకపోతే ఏం చేయాలి, బోధన నాణ్యత కోసం లాభం తగ్గించుకోవలసి వస్తే ఎంతవరకు తగ్గించుకోవాలి అన్నవాటిని ఎవరికి వారు విడిగా కాగితం మీద రాసి, ఆ తరువాత పక్కపక్కన పెట్టి చదువుకోండి. తేడాలు వస్తాయి, రావాలి కూడా. ఆ తేడాల గురించి మాట్లాడుకునే గంటసేపట్లో మీకు తెలిసేది, నాలుగేళ్ల కబుర్లలో తెలిసినదానికంటే ఎక్కువగా ఉంటుందని నా నమ్మకం. మీ జవాబులను కూడా ఆయన అంతే శ్రద్ధగా చదువుతాడని గుర్తుంచుకోండి. ఆయనకు మీరు కూడా నాలుగేళ్ల పరిచయమే.

ఈ పనులన్నిటికంటే ముందు మీ స్నేహితురాలిని కలవండి. ఆమెతో ఆ విషయం ఎత్తలేకపోయానని రాశారు, అంటే ఏడాదిగా ఆమె మౌనానికి అర్థం మీరే చెప్పుకుంటున్నారు, మీ మౌనానికి అర్థం ఆమె చెప్పుకుంటూ ఉంటుంది. తీర్పు చెప్పడానికి కాకుండా తెలుసుకోవడానికి వెళ్లండి. ‘ఆ రోజు సమావేశంలో నీకు ఏమనిపించింది, ఆ తరువాత ఏం చేశావు’ అని అడిగి, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో మాట కలపకండి. ఆమె చెప్పినది మీకు నచ్చకపోవచ్చు. అప్పుడు స్నేహం సంగతి ఏం చేయాలన్నది వేరే ప్రశ్న, దానికి మళ్లీ రాయండి.